ఈసీజీలో కాస్త తేడా

నేను ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యానని మా వీధిలో చాలామంది నమ్ముతారు. వాళ్ళలా నమ్మడానికి కారణం నేనే. నిజానికి నేను వర్క్ ఇన్‌స్పెక్టర్ని. కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఏ తూము దగ్గర గట్టు జారిందో, ఎవరు దొంగతనంగా తలుపెత్తి తమ చేలోకి నీళ్ళు పెట్టుకున్నారో చూసొచ్చి ఇంజనీరు గారికి చెప్పడం నా పని. ఆయన నేను చెప్పినదాంట్లో సగం తీసేసి నమ్మేవారు. అంచేత నేను రెట్టింపు చెప్పేవాణ్ణి. అలవాటు అక్కడ పడింది, ఇప్పటికీ పోలేదు. నా మాటల్లో నీళ్ళు కలుస్తాయి. కాకపోతే కలిపిన సంగతి నేనే చెప్పేస్తాను, కాస్త ఆలస్యంగా.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడ రిటైర్మెంటు గురించి. ఆవిడ హెడ్ నర్సు. కోనసీమలో ఒక సర్కారు ఆసుపత్రి. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఏ ఇంటి తలుపు తట్టినా ఆవిడ చేత సూది పొడిపించుకున్నవాడు ఒకడుంటాడు.

ఉండడు. రాజోలు వైపు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. కానీ మా చుట్టుపక్కల పది ఊళ్ళలో మాత్రం ఉంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను ఉద్యోగం దిగి అప్పటికి నాలుగేళ్ళు. ఆవిడ సెప్టెంబరు నెలాఖరుకి దిగాలి. ఈ నాలుగేళ్ళూ నేనేం చేశానని అడిగితే, ఆవిడ రిటైర్మెంటు కోసం కాచుక్కూర్చున్నాను. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో క్యాలెండరు పక్కన డ్యూటీ చార్టు వేలాడేది. వారం పొద్దుట డ్యూటీ, వారం మధ్యాహ్నం డ్యూటీ, వారం రాత్రి డ్యూటీ. మా అమ్మాయి ఓణీల ఫంక్షను ముహూర్తం కూడా పురోహితుడు గారూ ఆ చార్టూ కలిసి పెట్టినదే. హెడ్ నర్సయ్యాక రాత్రి డ్యూటీలు పోయాయి గానీ, డ్యూటీ మాత్రం ఎప్పట్లాగే ఇంటికి వచ్చేది. అన్నం తింటున్నంతసేపూ వార్డు కబుర్లే. ఎవరికి నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో, ఎవరికి చెమట పట్టిందో, ఎవరు ఏ టైముకి కళ్ళు తేలేసేరో. అవన్నీ వింటూ పప్పన్నం కలుపుకునేవాణ్ణి. అలా ముప్ఫై మూడేళ్ళు విన్నాను. నాకు సగం వైద్యం వచ్చేసిందని నా నమ్మకం. ఈ నమ్మకం వల్లే తర్వాత నాకు శాస్తి జరిగింది.

మా పక్కింటాయనది కొబ్బరికాయల వ్యాపారం. సాయంత్రాలు టీకొట్టు దగ్గర బల్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం.

"అక్టోబరు ఒకటో తారీఖు నుంచి చూడండి," అనేవాణ్ణి. "పొద్దున్నే ఇద్దరం కలిసి కాఫీ. పదింటికి ఇంకో కాఫీ."

"ఆయ్. మరి మధ్యాన్నం అండి, ఇంజనీరు గారూ?"

"భోంచేసి పడుకుంటాం."

"లేచేక?"

"లేచేక కాఫీ."

"అంతేనాండి? అయితే మూడో రోజుకి సిస్టరు గారు మీకే సెలైను ఎక్కించేస్తారండి, ఊరికే కూర్చోలేక."

అందరూ నవ్వేరు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

ఎందుకంటే జూన్ నుంచే ఆవిడ ఒక చోట నిలవడం లేదు. నర్సులు రిటైరయ్యే ముందు ఏం చేస్తారో బయటివాళ్ళకి తెలీదు. తీర్థయాత్రలకి టిక్కెట్లు కొనుక్కుంటారనుకుంటారు. కాదండి, వాళ్ళు పగిలిపోయిన వస్తువులు వెతుక్కుంటారు. వార్డులో ఉన్న ప్రతి కత్తెరకీ, ప్రతి దుప్పటికీ, ప్రతి బెడ్‌పానుకీ హెడ్ నర్సే జవాబుదారీ. ఛార్జి అప్పగించే రోజున స్టాకు పుస్తకంలో ఎన్నున్నాయో అలమారాలో అన్నీ కనిపించాలి. పాడైపోయినవాటిని పై అధికార్లు వచ్చి చూసి, పనికిరావని కండెమ్ చేసినట్టు సంతకం పెట్టేదాకా పారెయ్యడానికి వీల్లేదు. ఆ వచ్చేవాళ్ళు ఏళ్ళకేళ్ళు రారు. అంచేత నర్సులు విరిగినవీ చిరిగినవీ అన్నీ దాచిపెట్టుకుంటారు.

ఒక ఆదివారం సాయానికి రమ్మంటే వెళ్ళాను. వార్డు వెనక చిన్న గది. లోపల చిల్లులు పడ్డ బేసిన్లు, ఒకదానికొకటి అంటుకుపోయిన రబ్బరు గొట్టాలు, పట్టు వదిలేసిన పటకార్లు, దీపావళికి చుట్టే ఒత్తులకి కూడా పనికిరాని దుప్పట్లు. ఆవిడ నేల మీద చతికిలబడి పెద్ద హార్లిక్స్ సీసా మూత తీసింది. నిండా పగిలిన థర్మామీటర్లు, ఒక్కొక్కటీ విడివిడిగా దూదిలో చుట్టి ఉంది.

"ఇవెందుకే, పారెయ్యక?"

"పగిలినా పరవాలేదండి. కనిపించాలి," అంది లెక్కపెట్టుకుంటూ. "పోయిందంటేనే తంటా."

ఒకటి తక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారి నా చేత పెట్టించింది. నాకు రెండు ఎక్కువొచ్చాయి. చివరికి ఆ ఒక్కటీ సీసా అడుగున దూదిలో దొరికింది. దాన్ని వేళ్ళతో పట్టుకుని ఆవిడ చూసిన చూపు, మా అమ్మాయి పుట్టినప్పుడు చూసిన చూపు ఒకటేనని రాయాలనుంది. అంత లేదు. కానీ నా సైకిలు పోయి దొరికినప్పుడు నా మొహం అలాగే ఉండుంటుంది.

ఇంట్లో కూడా అంతే. రెండు రంగు చీరలు కొనుక్కుంది, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వంకాయ రంగు. ఇన్నేళ్ళూ పగలు కట్టింది తెల్లచీరే కదా, అలవాటు చేసుకోవాలని ఆకుపచ్చది కట్టుకుని అద్దం ముందు నిలబడింది. "ఎవరింటికో పేరంటానికి వచ్చి, వాళ్ళు బయటికి రాకపోతే నిలబడ్డట్టుంది," అని విప్పి మడత పెట్టేసింది. ఉన్న డబ్బాలన్నీ సర్ది, మళ్ళీ సర్దింది. నా మందుల పెట్టెలో జలుబు బిళ్ళలూ, తలనొప్పి బిళ్ళలూ వేరుచేసి, వాటికి చీటీలంటించింది.

జూలై ఆఖర్లో, చారు పోస్తూ, మామూలుగా చెప్పినట్టు చెప్పింది.

"రాజమండ్రి నుంచి డాక్టరు గారు ఫోన్ చేసేరండి."

ఆ డాక్టరు గారు కుర్రతనంలో మా ఊళ్ళో పనిచేసినాయన. ఆవిడ చేతి కింద సెలైను పెట్టడం నేర్చుకున్నానని ఆయనే చెబుతుంటారు. ఇప్పుడు రాజమండ్రిలో నర్సింగ్ హోమ్ పెట్టుకున్నారు.

"నర్సులందరి మీదా ఇన్‌ఛార్జిగా రమ్మంటున్నారు. మేడ మీద గది కూడా ఇస్తారట. వినాయక చవితిలోపు మాట చెప్పమన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఆలోచించి చెబుతానన్నాను."

నేను చారు తాగేసి లేచిపోయాను. వద్దన్లేదు. నిన్న మొన్నటిదాకా సర్కారు పట్టుకుపోయింది, ఇప్పుడు ప్రైవేటు పట్టుకుపోతుంది, మరి నా వంతెప్పుడు? ఈ మాట పైకి అనడానికి నాకు నామోషీ. మగాడు అనే మాటా అది? అంచేత రెండ్రోజులు వీధిలోకీ పెరట్లోకీ తిరిగి, ఒక పథకం వేశాను. ఇంట్లో పేషెంటుంటే ఏ నర్సు బయటికి వెళ్తుంది?

ఆదివారం పొద్దుట. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. రొయ్యల్లో వేసి వండుదామని. నేను ముందే చెంబులో నీళ్ళు మెడకీ నుదుటికీ రాసుకుని, పడక్కుర్చీలో వాలి మూలిగాను. గొప్పగా మూలిగాననుకున్నాను. పక్కింటి కుక్క కూడా లేచి చూసింది.

ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చింది. నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసింది.

"ఎక్కడండి?"

"ఇక్కడ. ఎడమ చేతిలోకి పాకుతోంది."

"సరిగ్గా చూపించండి."

చూపుడువేలు గుండె మీద పెట్టి, "సరిగ్గా ఇక్కడ," అన్నాను.

"చెమట పట్టిందే. దవడలోకి లాగుతోందా?"

దవడ సంగతి నేను మర్చిపోయాను. "లాగుతోంది, లాగుతోంది."

"ఎడమ కాలి బొటనవేల్లోకి?"

ఒక్క క్షణం ఆలోచించాను. ఉంటుందేమో. లేకపోతే ఆవిడ ఎందుకడుగుతుంది? "కొంచెం," అన్నాను.

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. ఆటో పిలిపించింది. దారంతా నా మణికట్టు వదల్లేదు. ఆసుపత్రిలో బల్ల మీద పడుకోబెట్టి ఒంటినిండా వైర్లు తగిలించి ఈసీజీ తీయించింది. పొడుగాటి కాయితం చేత్తో పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది. పది నిమిషాలకి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈసీజీలో కాస్త తేడా ఉందండి. కంగారేం లేదు. ఇంట్లో ఉంచి నేనే చూసుకుంటాను. సెలవు పెట్టేస్తాను."

సెలవు అన్న మాట వినగానే గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చే దారిలో, ఆటో గోతిలో పడి లేచినప్పుడు, ఆవిడ అన్న మొదటి మాట నా చెవికి ఎక్కింది.

తేడా ఉందా?

ఇదిగో చూడండి నా అవస్థ. నొప్పి నేను కల్పించింది. చెమట చెంబులోది. ఇవి నాకు తెలుసు. కానీ మెషీనుకి నేను అబద్ధమాడుతున్నానని తెలీదు కదా. దానికి కనిపించింది అది గీస్తుంది. నేను ఊరికే చూపించిన చోట నిజంగానే ఏదో ఉందన్నమాట. అడుగుదామంటే ఎలా అడగడం? "నాకసలు నొప్పే లేదు కదా, తేడా ఎలా వచ్చిందే?" అని అడిగితే బండారం బయటపడుతుంది. అడక్కపోతే ప్రాణం పోతుంది.

మర్నాటి నుంచి మా హాలు వార్డయిపోయింది. మంచం కిటికీ పక్కకి జరిపింది. కాళ్ళ వైపు చువ్వకి అట్టకి గుచ్చిన చార్టు వేలాడదీసింది. ఆరింటికి టెంపరేచరు, నాడి, బీపీ. తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం. తర్వాత ఉప్పు లేని ఇడ్లీ. మధ్యాహ్నం ఉప్పు లేని బీరకాయ. ఆదివారం ఒలిచిన గోంగూర రొయ్యల్లో పడి ఎవరింటికెళ్ళిందో నాకు తెలుసు. పక్కింటాయన చెయ్యి వాసన చూసేను. మాగాయ జాడీ అటక మీదకెళ్ళిపోయింది. సైకిలుకి తాళం. టీకొట్టు బందు. చూడ్డానికొచ్చేవాళ్ళకి సాయంత్రం నాలుగు నుంచి అయిదు.

పక్కింటాయన నాలుగు కొబ్బరి బొండాలు పట్టుకొచ్చేడు.

"ఎలా ఉందండి, ఇంజనీరు గారూ?"

"ఏముందండి, పెద్దదే వచ్చింది," అన్నాను బలహీనంగా. "మామూలు మనిషైతే లేచేవాడు కాదన్నారు డాక్టరు గారు."

"అలా అన్లేదు," అంది మా ఆవిడ వంటింట్లోంచి. "బొండాల్లో కూడా ఉప్పుంటుందండీ, మీరే పట్టికెళ్ళిపోండి."

ఆయన వెళ్ళేక నేను నాడి పట్టుకుని లెక్కపెట్టుకున్నాను. ఒకసారి డెబ్బై రెండొచ్చింది. ఇంకోసారి ఎనభై. తేడా! ఎడమ వైపు తిరిగి పడుకుంటే చెవిలో గుండె చప్పుడు వినబడుతుంది, వినండి కావాలంటే. అది మధ్యలో ఒక్కసారి ఆగినట్టనిపించింది. లేచి కూర్చున్నాను. మా నాన్న ఆవుదూడ బేరమాడుతూ, మాట పూర్తవకుండానే పోయాడు. ఆ బేరం ఎవరూ పూర్తి చెయ్యలేదు. నేనూ అలాగే ఏదో అబద్ధం మధ్యలో పోతానా?

ఆవిడ పెరట్లో ఉండగా మంచం దిగి చార్టు చదివాను. పొట్టి అక్షరాల్లో ఇంగ్లీషు. నాకర్థమైంది ఒక్కటే: పేషెంటు కంఫర్టబుల్. ప్రతి రోజూ అదే. నా లోపల ఇంత గలాభా జరుగుతుంటే కంఫర్టబుల్ ఏమిటి!

"ఈసీజీ ఎప్పుడైనా అబద్ధం చెబుతుందా?" అని అడిగాను ఒకరోజు, గాలివాటుగా అడిగినట్టు.

ఆవిడ బీపీ పట్టీ విప్పుతూ, "మనుషులు చెబుతారండి. అది చెప్పదు," అంది.

ఆ దెబ్బకి నాకు అన్నం సయించలేదు. అన్నంలో ఉప్పు లేకపోవడం కూడా ఒక కారణమే అనుకోండి.

రెండో వారంలో పెద్ద సిస్టరు గారు చూడ్డానికి వచ్చేరు. ఆవిడ మా ఆవిడకి ముందు హెడ్ నర్సు, రిటైరై మూడేళ్ళయింది. ప్రతి మంగళవారం ఆసుపత్రికెళ్ళి బీపీ చూపించుకుంటారని మా ఆవిడ చెబితే, పాపం బీపీ ఎక్కువేమో అనుకునేవాణ్ణి. నన్ను పలకరించి, చార్టు చూసి, "బాగా రాసేవమ్మా," అన్నారు. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు.

"ఇంట్లో ఒక మనిషిని చూసుకోడం బావుందా?" అని అడిగేరావిడ.

మా ఆవిడ కాఫీ కలుపుతున్న చప్పుడు వినబడింది.

"నాకు బీపీ లేదే," అన్నారు పెద్ద సిస్టరు గారు. "నీకు తెలుసు కదా. ఇంట్లో మెషీనుంది, నేనే చూసుకోగలను. అయినా వెళ్తాను. ఆ పట్టీ ఎవరో నా చేతికి చుడుతుంటే, ఆ స్పిరిటు వాసనొస్తుంటే, ఇంకా నా వార్డే అనిపిస్తుంది. మొన్న ఎవరో కొత్త పిల్ల, మామ్మగారూ, చీటీ తీసుకుని లైన్లో రండి అంది."

"మీరెవరో చెప్పకపోయేరా అక్కా?"

"ఏమని చెప్పను? చీటీ తీసుకున్నాను."

నేను చార్టు వైపు చూస్తూ పడుకున్నాను. ఇన్నాళ్ళూ నేను అక్టోబరు ఒకటో తారీఖు నుంచి కాఫీలు లెక్కపెట్టుకున్నాను. ఆ కాఫీకీ కాఫీకీ మధ్య ఆవిడ ఏం చేస్తుందో ఒక్కసారి కూడా అనుకోలేదు.

మర్నాడే నిజం చెప్పేశానని రాస్తే మీరు నన్ను మెచ్చుకుంటారు. చెప్పలేదు. ఇంకో నాలుగు రోజులు ఉప్పు లేకుండా తిన్నాను. మంచితనం నన్ను లేపలేదు, భయం లేపింది. చవితికి ముందు రోజు పొద్దుట ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. దాని మీద పడుకున్నాను కాబట్టి ఎక్కింది, కానీ ఆ బుద్ధి అప్పుడు పనిచెయ్యలేదు. లేచి గబగబా వంటింటి గుమ్మంలోకి వెళ్ళాను. ఆవిడ మళ్ళీ గోంగూర ఒలుస్తోంది.

"ఇదిగో, చెబుతున్నాను. నాకా రోజు నొప్పి రాలేదు. నటించాను. నిన్ను రాజమండ్రి వెళ్ళనివ్వకూడదని నటించాను. ఇప్పుడు చెప్పు, ఆ తేడా ఏమిటి? నాకెన్నాళ్ళుంది?"

ఆవిడ కాడ తుంచి పక్కన పడేసింది.

"తెలుసండి."

"ఏది తెలుసు?"

"నటించేరని. గుండెనొప్పి నిజంగా వచ్చినవాడు వేలు పెట్టి ఇక్కడ అని చూపించడండి. వాడికి ఎక్కడో తెలీదు. పిడికిలి బిగించి గుండెల మధ్య పెట్టుకుంటాడు. ఎంతమందిని చూశాను. మీరేమో గోడ మీద మేకు చూపించినట్టు చూపించేరు. పైగా బొటనవేల్లోకి కూడా లాగింది మీకు."

"మరి ఈసీజీ ఎందుకు తీయించేవు?"

"అబద్ధంలో ఎక్కడైనా నిజం ఉంటే? ఈ వయసు మగాళ్ళు నవ్వులాటకి చెప్పినా తీయించాల్సిందే." కాస్త ఆగి అంది. "నా ఈసీజీ కంటే మీదే బావుంది. తేడా ఏం లేదు."

నేను గుమ్మం పట్టుకుని కింద కూర్చున్నాను. ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతో పాటు కోపం కూడా వచ్చింది.

"అయితే పదిహేడు రోజులు నన్ను ఉప్పు లేకుండా చంపేవా!"

"ఉప్పు మీ అబద్ధానికి," అంది. నవ్వలేదు. "మిగతాది నా కోసం పెట్టుకున్నాను. ఒక్క పేషెంటుతో నాకు పొద్దు గడుస్తుందేమో చూద్దామని. రిటైరయ్యేక మీరొక్కరే కదా నాకుండేది. మీకు టెంపరేచరు చూసి, ఒళ్ళు తుడిచి, టిఫిను పెట్టి, చార్టు రాసి గడియారం చూస్తే ఏడున్నర. రోజూ ఏడున్నరే. తర్వాత ఏం చెయ్యాలో తెలీక ఆ చార్టే తీసి మళ్ళీ శుభ్రంగా రాసేదాన్ని. పెద్ద సిస్టరు గారు బాగా రాసేవన్నారు చూడండి, అది రెండోసారి రాసింది."

గోంగూర బుట్ట నిండిపోయింది. ఆవిడ చేతులు మాత్రం ఇంకా కాడల్లోనే తిరుగుతున్నాయి, ఆకుందో లేదో చూసుకోకుండా.

"రేపు చవితి," అంది. "రాజమండ్రి డాక్టరు గారికి ఏం చెప్పమంటారు?"

"వెళ్దాం అని చెప్పు," అన్నాను వెంటనే.

అన్లేదు. మీకీపాటికి నా సంగతి తెలిసే ఉంటుంది. అటక మీంచి మాగాయ జాడీ దింపుకుని, మూడుసార్లు కలుపుకు తిని, ఆవిడతో మాట్లాడకుండా సాయంత్రం దాకా అలిగి పడుకున్నాను. సైకిలు తాళం తీసుకుని టీకొట్టుకెళ్ళి, చావుని గెలిచొచ్చిన సంగతి అందరికీ చెప్పాను. బల్ల మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. పక్కింటాయన అడిగాడు, "మరి రేపట్నించి ఏం చేస్తారండి?" అని. నాలుగేళ్ళ నుంచీ ఆయన రోజూ అడుగుతున్న మాటే. ఆ రోజే వినబడింది. లేచి ఇంటికొచ్చేశాను.

"అక్కడ నేనేం చెయ్యను?" అని అడిగాను ఆవిణ్ణి.

"ఇక్కడేం చేస్తున్నారు?"

రోజూ కూర్చునే టీకొట్టు బల్ల గుర్తొచ్చింది.

"నీ డ్యూటీకి అడ్డం కదే. ముసలాణ్ణి, పనికిరానివాణ్ణి, ఆ మేడ మీద గదిలో..."

"పగిలినా పరవాలేదండి," అంది చార్టుని మంచం చువ్వ నుంచి ఊడదీస్తూ. "కనిపిస్తూ ఉండండి చాలు." ఆ చార్టు ఆఖరి వరసలో డిశ్చార్జి అని రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టి నా చేతికిచ్చింది. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నన్ను గురించి ఉన్న కాయితాల్లో అబద్ధం లేనిది అదొక్కటే. కంఫర్టబుల్ అన్న మాట మినహాయిస్తే.

సెప్టెంబరు నెలాఖరున ఆసుపత్రిలో ఆవిడకి శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చేరు. ఆ పొద్దుట స్టాకు అప్పగించింది. థర్మామీటర్లు, పగిలినవీ పగలనివీ, అన్నీ సరిపోయాయి. సభలో అందరూ మాట్లాడుతుంటే ఆవిడ నా పక్కనే కూర్చుని, వార్డులో ఏడో నంబరు మంచం వాడికి రెండింటి ఇంజెక్షను పడిందో లేదో అని గుమ్మం వైపే చూస్తోంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. కొత్తగా ఛార్జి తీసుకున్న పిల్ల వచ్చి చెవిలో, "పడిందండి మేడమ్," అని చెప్పేక గానీ శాలువా సర్దుకోలేదు.

వారం తిరక్కుండా రావులపాలెం వంతెన మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్ళాం. ఒక పెట్టె, ఒక పరుపు, ఆ గడియారం, మాగాయ జాడీ. నేను ఆ నర్సింగ్ హోమ్‌లో మూడేళ్ళు అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నానని మా ఊళ్ళో చెప్పుకున్నాను. అలాంటిదేం లేదు. పొద్దున్నే కిందికి దిగి వరండాలో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. గోదావరి లంకల్నించి వచ్చిన ముసలాళ్ళకి ఏ గది ఎటో చూపించేవాణ్ణి, కాయితాలు నింపిపెట్టేవాణ్ణి, లోపల మనిషికి ఆపరేషనవుతుంటే బయట కూర్చున్నవాళ్ళకి కాలవల కబుర్లు చెప్పేవాణ్ణి. రెట్టింపు చేసి చెప్పేవాణ్ణి. వాళ్ళకి అదే కావాలి అప్పుడు.

మొదటి రోజు మాత్రం బెంచీ దాకా కూడా వెళ్ళనివ్వలేదు. ఆవిడ అప్పటికే తెల్లచీర కట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నడక చూస్తే యాభై ఎనిమిదేళ్ళ మనిషి కాదు. నేను వెనకాల గుమ్మంలో నిలబడి ఉంటే, చీటీలు రాసే అమ్మాయి ఆపింది.

"ఎవరి తాలూకండీ మీరు?"

ఆసుపత్రుల్లో పేషెంటుతో వచ్చినవాణ్ణి అలాగే అడుగుతారు. ముప్ఫై మూడేళ్ళు మా ఆవిడ అందర్నీ అడిగిన మాట. నేను ఛాతీ విరిచి, "కొత్త ఇన్‌ఛార్జి సిస్టరు గారి తాలూకమ్మా," అన్నాను.

అన్నానని రాయాలనుంది. నిజానికి అన్లేదు. చేతిలో మాగాయ జాడీ పట్టుకుని అలా నిలబడ్డాను. అటునుంచి మందుల ట్రే పట్టుకుని వెళ్తూ ఆవిడే ఆగకుండా చెప్పింది.

"నా తాలూకేనమ్మా. ఆ బెంచీ మీద కూర్చోనియ్యి. ఏదైనా నొప్పి అని చెబితే మాత్రం నమ్మకు, నన్ను పిలు."